పిల్లల నడకను బట్టి ప్రయాణం



ఈ నెల ఒక ఉత్తరంతో ప్రారంభిస్తాను. మన మెదక్ పట్టణం నుండే ఒక చిన్న వయస్సు తల్లి వ్రాసింది. "అమ్మగారూ, మాకు ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉన్నారు. ఈ మధ్యనే కారు కొనుక్కున్నాము. సెలవుల్లో విశాఖపట్నంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి కారులోనే పోదామని మావారు అంటున్నారు. ఆ మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది. పోయినసారి విజయవాడ వరకు పోయి వచ్చేసరికి పిల్లలిద్దరూ ఏడ్చి, వాంతులు చేసికొని, ఒకరినొకరు గిల్లుకొని నానా గొడవ చేశారు. చివరకు మేమిద్దరమూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. అంతసేపు పిల్లలను ఎలా కూర్చోబెట్టాలి? ఫోను చేతికిస్తే పాపమా?"

ఉత్తరం చదివి ముందు నవ్వుకొన్నాను. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఇటువంటి ప్రయాణం ఒకటి మా ఇంట్లోనూ జరిగింది. ఆ సంగతి ఇంతవరకు ఈ పేజీలో వ్రాయలేదు. ఇప్పుడు వ్రాస్తాను.

2022 డిసెంబరులో, క్రిస్మస్ అయిన మూడవ రోజున, మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు, నేను రాజమండ్రి బయలుదేరాము. అక్కడ మా అక్క ఉన్నది. మెదక్‌లో పుట్టి పెరిగి, పెళ్లయినాక గోదావరి ఒడ్డుకు పోయి, అక్కడే స్థిరపడిన మనిషి. మన ఊరి నుండి సుమారు 520 కిలోమీటర్లు. మా చిన్నతనంలో ఆర్టీసీ బస్సులో హైదరాబాదు పోయి, సికింద్రాబాదులో రాత్రి రైలు ఎక్కి, తెల్లవారి రాజమండ్రిలో దిగేవాళ్లము. అప్పుడు మెదక్‌కు రైలు లేదు. అక్కన్నపేట నుండి మన ఊరికి రైలు వచ్చింది 2022 సెప్టెంబరులోనే గదా! బస్సులోనైనా రైలులోనైనా పిల్లలకు తిరగడానికి కాస్త చోటుండేది, చూడడానికి నలుగురు మనుషులుండేవారు. కారులో ఆ రెండూ లేవు. బెల్టు పెట్టుకొని, ముందు సీటు వీపు చూస్తూ కూర్చోవాలి.

ఆ రోజు మేము సాయంత్రానికల్లా చేరాలని పట్టుబట్టి బయలుదేరాము. ఎక్కడా ఆగలేదు. మనవరాలికి అప్పుడు ఐదేళ్లు, మనవడికి మూడేళ్లు. హైదరాబాదు దాటేవరకు బాగానే ఉన్నారు. చౌటుప్పల్ దాటినాక "ఇంకెంత దూరముంది?" అని మొదలుపెట్టారు. నకిరేకల్ వచ్చేసరికి ఏడుపులు. సూర్యాపేట దగ్గర్లో బొమ్మ కోసం ఇద్దరూ కొట్టుకొన్నారు. నేను మధ్యలో కూర్చొని ఒకరిని గద్దిస్తున్నాను, ఒకరిని బుజ్జగిస్తున్నాను. బాబు కెవ్వుమన్నాడు. మా అబ్బాయి ఓపిక నశించి, "మీరు ఊరుకుంటారా లేదా!" అంటూ స్టీరింగు మీద చేతులుంచే తల వెనుకకు త్రిప్పాడు.

మూడు సెకన్లు. అంతే. "ఏవండీ!" అని కోడలు అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉన్నది. కారు ఎడమ ప్రక్కకు జరిగి మట్టి మీదికి దిగింది. ఎదురుగా చెడిపోయి నిలిపివేసిన లారీ. మా అబ్బాయి బ్రేకు త్రొక్కగా కారు ఆ లారీకి రెండు బారల దూరంలో ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఏడుస్తున్న పిల్లలు కూడా నోరు మూసికొన్నారు.

తర్వాత ఒకనాడు లెక్క వేసికొన్నాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లలో 66 మీటర్లకు పైగా, అనగా సుమారు 218 అడుగులు. మన మెదక్ కేథడ్రల్ పొడవు 200 అడుగులు. ద్వారం దగ్గర కళ్లు మూసికొని పరుగెత్తి, బలిపీఠం దాటినాక కళ్లు తెరవడమన్నమాట! పిల్లలను గద్దించడానికి డ్రైవరు ఒక్కసారి వెనుకకు తిరిగితే జరిగేది అదే.

కాబట్టి సహోదరీ, పిల్లలకు ప్రయాణంలో కాలక్షేపం కల్పించడం ముచ్చట కోసం చేసే పని అనుకోవద్దు. బండి నడిపే మనిషి కళ్లు రోడ్డు మీద నిలవాలంటే వెనుక సీటులో శాంతి ఉండాలి.

ఇంటికి వచ్చినాక ఒక రాత్రి ఆదికాండము 33వ అధ్యాయము చదువుతున్నాను. ఏశావు తన తమ్ముణ్ణి కౌగిలించుకొని, ఇక కలిసి వెళ్దాము రమ్మంటాడు. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే గొర్రెలున్నవి, ఒక్క రోజు తొందరపెట్టి తోలినా నష్టమే, నీవు ముందు వెళ్లు, నేను పిల్లలు నడవగలిగినంత నెమ్మదిగా వెనుక వస్తాను అంటాడు. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. కానీ ఆ రాత్రి నాకు సూర్యాపేట దగ్గరి ఆ లారీ కనిపించింది. మేము పిల్లలను మా వేగానికి లాగినాము. వాళ్ల నడకకు మేము తగ్గలేదు.

ఆ తర్వాత మేము నేర్చుకొన్న సంగతులు, మా కోడలూ నేనూ కలిసి చేసి చూచినవి, ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట కూర్చునే పద్ధతి. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చోవడం మనకు అలవాటు. బండి హఠాత్తుగా ఆగితే ఎంత బలమైన చేతులైనా బిడ్డను పట్టి ఉంచలేవు. పిల్లలు వెనుక సీటులోనే ఉండాలి. పసివాళ్లకు వారి వయస్సుకు తగిన చైల్డ్ సీటు, కొంచెం పెద్దవాళ్లకు ఎత్తు సీటుతో పాటు బెల్టు ఉండాలి. బెల్టు పట్టీ మెడ మీదుగా పోకుండా భుజం మీదుగా రావాలి. వెనుకకు తిరిగి ఉండే పసిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని చైల్డ్ సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అలా ఉంచండి, బిడ్డ మనది. వెనుక తలుపులకు చైల్డ్ లాకు వేసికోండి. కిటికీ నుండి తలా చేతులూ బయట పెట్టనివ్వకండి.

మొదటి రోజు మావాడు సీటులో కూర్చోనని మొండికేశాడు. ప్రయాణానికి వారం ముందే ఆ సీటును ఇంట్లో వరండాలో పెట్టి, దానిలో కూర్చోబెట్టి అన్నం తినిపించింది మా కోడలు. తీరా ప్రయాణం రోజున "నా కుర్చీ" అని వాడే ఎక్కి కూర్చున్నాడు.

రెండవది ఆగడం. రెండు గంటలకు ఒకసారి తప్పక ఆగండి. పది నిమిషాలు చాలు. మూత్రానికి పంపి, నీళ్లు త్రాగించి, సురక్షితమైన చోట అటూ ఇటూ పరుగెత్తించండి. "చెట్టు వరకు పోయి రండి, నేను లెక్కబెడతాను" అంటే చాలు. కాళ్లలో ఉన్న అల్లరి నేల మీద దిగిపోతుంది. హైవే అంచున మాత్రం పిల్లలను దింపవద్దు. పెట్రోలు బంకు గాని, విశాలమైన ఆవరణ ఉన్న హోటలు గాని చూచి ఆపండి. నర్సాపూర్ అడవిలో కోతులను చూపడానికి చాలామంది ఆపుతారు. కారులో నుండే చూపించండి, తినుబండారాలు విసరవద్దు. చేతిలో అరటిపండు ఉన్న బిడ్డ మీదికి కోతి దూకిందంటే ఆ భయం ఊరు చేరినా పోదు.

ఎంత చిన్న పనైనా సరే, పిల్లలను కారులో ఒంటరిగా వదిలి వెళ్లవద్దు. ఎండలో నిలిపిన కారు కొద్ది నిమిషాల్లోనే పొయ్యి వలె కాగుతుంది. పసివాళ్ల శరీరం పెద్దవాళ్ల కంటే త్వరగా వేడెక్కుతుంది. అద్దం కొంచెం దించినంత మాత్రాన సరిపోదు.

మూడవది తిండి. బయలుదేరే ముందు ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపు కూడా వద్దు. రెండు ఇడ్లీలు చాలు. దారికి మెత్తని ఇడ్లీ, చుట్టిన చపాతీ, అరటిపండు, మరమరాలు బాగుంటవి. సకినాలు, పల్లీలు వంటి గట్టివి ఐదేళ్ల లోపు పిల్లలకు కదిలే కారులో ఇవ్వవద్దు. కుదుపుకు గొంతులో అడ్డం పడవచ్చును. వాటిని బండి ఆగినప్పుడు, పెద్దపిల్లలకు పెట్టండి. మా కోడలు ఒక ఉపాయం చేస్తుంది. చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక్కో టోల్ గేటు దాటగానే ఒక్కో పొట్లం ఇస్తుంది. పంతంగి గేటు దగ్గర మరమరాలు, కొర్లపహాడ్ దగ్గర ద్రాక్షపండ్లు (చిన్నవాడికి నిలువుగా రెండు ముక్కలు కోసి), చిల్లకల్లు దగ్గర బెల్లం వేసిన అటుకులు. "ఇంకెంత దూరం?" అన్న ప్రశ్న పోయి "ఇంకెన్ని గేట్లు?" అన్న ప్రశ్న వచ్చింది. పసివాళ్లకు 500 కిలోమీటర్లంటే తెలియదు. మూడు పొట్లాలంటే తెలుస్తుంది.

నాలుగవది వాంతులు. రెండేళ్ల లోపు పిల్లలకు ఇది తక్కువ, ఆ తర్వాత పన్నెండేళ్ల వరకు ఎక్కువ. లోపలి చెవి "మనం కదులుతున్నాము" అని చెబుతుంటే, పుస్తకం మీదనో ఫోను మీదనో ఉన్న కన్ను "ఇక్కడేమీ కదలడం లేదు" అంటుంది. ఆ రెండు సాక్ష్యాలూ కలవక కడుపులో త్రిప్పుతుంది. కాబట్టి అటువంటి పిల్లవాడి చేతిలో పుస్తకం, ఫోను పెట్టవద్దు. దూరంగా కొండనో చెరువునో చూపించండి. అద్దం దించి గాలి తగలనివ్వండి. మలుపుల్లో నెమ్మదిగా పోండి. మాటిమాటికీ వాంతులయ్యే పిల్లలకు ముందుగానే డాక్టరును అడిగి మందు తీసికోండి. పెద్దవాళ్ల మాత్రను సగం చేసి వేయవద్దు. రెండు ప్లాస్టిక్ సంచులు, తడి గుడ్డ, ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికి అందేచోట ఉంచండి. వాంతి చేసికొన్న బిడ్డను తిట్టకండి. అది వాడి చేతిలో లేదు.

ఇక ఆటలకు వద్దాము. ఉత్తరం వ్రాసిన సహోదరి ముఖ్యంగా అడిగింది ఇదే.

మూడేళ్ల పిల్లవాడికి కళ్లే ఆట. "ఎర్ర లారీ కనిపిస్తే చప్పట్లు కొట్టు, గొర్రెల మంద కనిపిస్తే మే అను, గుడి గంటో చర్చి శిఖరమో కనిపిస్తే గణగణ అను." ఒక పని పది నిమిషాలకు మించి వాడికి నిలవదు. అందుకే పది రకాలు సిద్ధంగా ఉంచుకోవాలి. పాత చేతిసంచిలో చెంచా, రుమాలు, ఖాళీ డబ్బా, పెద్ద గుండీలున్న చొక్కా వంటివి వేసి, గంటకు ఒకటి తీసి ఇవ్వండి. క్రొత్త బొమ్మలు కొననక్కర లేదు. వాడికి కనిపించకుండా దాచి, సమయానికి తీస్తే ఇంట్లో చెంచా కూడా క్రొత్తదే.

ఐదారేళ్ల పిల్లలకు అక్షరాలు. దారి పొడుగునా ఊళ్ల పేర్లు తెలుగులో వ్రాసి ఉంటవి. "'క' ముందు ఎవరికి దొరుకుతుంది?" అని మొదలుపెట్టి, వత్తులూ గుణింతాలూ వరకు పోవచ్చు. మా మనవరాలు "కేతేపల్లి", "కోదాడ" బోర్డులు చదివే కేకు, కోకు తేడా నేర్చింది. బడిలో నేర్చుకొనని అక్షరం బోర్డు మీద నేర్చుకొన్నది.

ఏడెనిమిదేళ్ల పిల్లలకు నంబరు ప్లేట్లు. 2014కు ముందు రిజిస్టరయిన మన బండ్ల మీద ఏపీ అని ఉంటుంది. తెలంగాణ వచ్చినాక టీఎస్. 2024 మార్చి నుండి టీజీ. ఏ రకం ఎన్ని కనిపించాయో ఒక్కొక్కరు ఒక్కొక్క రకం లెక్క పెట్టాలి. కృష్ణా జిల్లా దిక్కుకు పోయేకొద్దీ ఎవరి లెక్క పెరుగుతుందో, ఎవరిది తగ్గుతుందో వాళ్లే కనిపెడతారు. మధ్యలో "ఎందుకు మారింది తాతా, నాన్నా?" అని అడుగుతారు. అప్పుడు రాష్ట్రం కథ చెప్పండి.

పొడుపు కథలు అన్ని వయస్సుల వాళ్లకూ పనికివస్తవి. పాతవి అయిపోతే దారిలో కనిపించిన వాటి మీద మీరే కట్టండి. మేము కట్టినవి రెండు చెబుతాను. "మనతోపాటే ఉరుకుతుంది, మనమాగితే ఆగుతుంది, ఎండ పోతే తానూ పోతుంది." కారు నీడ. "మూడు కళ్లవాడు, ఒక్కటే తెరుస్తాడు, ఎర్రకన్ను తెరిస్తే ఊరంతా నిలబడుతుంది." సిగ్నల్ లైటు. రెండవది మా మనవరాలు కట్టింది. అప్పటి నుండి ఏ చౌరస్తాలో ఆగినా ఆ పిల్లకు కోపం రాదు, గర్వం వస్తుంది.

కథ అల్లే ఆట ఇంకొకటి. ఒకరు ఒక వాక్యం చెప్పాలి, ప్రక్కవారు అందుకోవాలి. మా కారులో ఒక మేకపిల్ల కథ సూర్యాపేటలో మొదలై నందిగామ దాకా వచ్చింది. డ్రైవరు కూడా కళ్లు రోడ్డు మీదుంచి ఒక వాక్యం చెప్పవచ్చు. ఇక పాటలు చెప్పనే అక్కరలేదు. యెరూషలేము పండుగకు నడచిపోయేవాళ్లు పాడుకొనేందుకు కీర్తనల గ్రంథంలో 120 నుండి 134 వరకు పదిహేను యాత్రకీర్తనలు ఉన్నవి గదా. నడక బరువును పాట మోస్తుందని అప్పటివాళ్లకు తెలుసు. సండే స్కూలు పాటలు, బడి పాటలు, మీ అమ్మ మీకు పాడిన జోలపాట, అన్నీ పాడండి. గొంతు బాగాలేదని సిగ్గుపడకండి. వెనుక సీటులో ఉన్న శ్రోతలు తీర్పరులు కారు.

ఆటలకు మధ్య మౌనం కూడా ఉండనివ్వండి. బిడ్డ కిటికీలోనుండి ఊరికే చూస్తూ ఉంటే పలకరించి ఆ చూపు చెడగొట్టవద్దు. చౌటుప్పల్ దాటినాక వచ్చే తాటిచెట్లను వాడు ఏమనుకొని చూస్తున్నాడో మనకేమి తెలుసు?

ఫోను సంగతి. సహోదరీ, అది పాపమని నేననను. అరగంట బొమ్మల కథ చూపితే తల్లి కాస్త నడుము వాల్చవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట గుర్తుంచుకోండి. ఏడాది వయస్సు పిల్లలకు తెర అసలే వద్దు, రెండు నుండి నాలుగేళ్ల వాళ్లకు రోజు మొత్తం మీద గంటకు మించవద్దు. కాబట్టి ఫోనును చివరి గంట కోసం దాచండి. పిల్లలు బాగా అలసిపోయి, ఏ ఆటా పనిచేయని సమయం ఒకటి వస్తుంది, అప్పుడు తీయండి. బయలుదేరగానే ఇస్తే, అది తీసికొనేటప్పుడు వచ్చే యుద్ధం సూర్యాపేట యుద్ధం కంటే పెద్దది.

కొట్లాటకు మా ఇంట్లో ఇప్పుడు ఒకటే చట్టం. నడిపేవారు వెనుకకు తిరగరు, మాట్లాడరు. వెనుక ఉన్న పెద్దమనిషి రెండుసార్లు చెబుతుంది. మూడవసారి కారు సురక్షితమైన చోట ఆగుతుంది. అందరూ ఊరుకొన్నాకనే కదులుతుంది. మొదటి ప్రయాణంలో నాలుగుసార్లు ఆగినాము. తర్వాత ఒక్కసారే. కిటికీ సీటు ఎవరిదన్న తగవుకు ఆగిన ప్రతిసారీ సీట్లు మారడమే తీర్పు.

పిల్లలు నిద్రపోతారని రాత్రంతా బండి నడిపే తండ్రులకు ఒక మాట. పిల్లలు నిద్రపోయే గంటలోనే మీకూ నిద్ర వస్తుంది. తెల్లవారుజామున బయలుదేరండి. మొదటి రెండు గంటలు వాళ్లు నిద్రలోనే ఉంటారు, మీరు నిద్ర తీరి ఉంటారు. వీలైతే దారిలో ఒక రాత్రి బంధువుల ఇంట ఆగండి. విశాఖపట్నం ఒక్క రోజులో చేరితేనే గొప్ప అని ఎవరు చెప్పారు?

అన్నిటికంటే మాకు పనికివచ్చిన ఆట ఒకటి ఉన్నది. అది నదుల ఆట.

2024 అక్టోబరులో అక్కకు ఒంట్లో బాగాలేదని కబురు వచ్చింది. దసరా సెలవులకు మళ్లీ అదే దారిన బయలుదేరవలసి వచ్చింది. మా కోడలికి భయం, నాకు అంతకంటే భయం. ముందురోజు సాయంత్రం పిల్లలను ఘనపురం ఆనకట్టకు తీసికొని పోయాము. మంజీర నిండుగా పారుతున్నది. వాళ్లకు చెప్పాను: ఈ నీళ్లు మనకంటే ముందే బయలుదేరినవి. ఇవి నిజాంసాగర్ చేరి, అక్కడి నుండి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తవి. ఆ గోదావరి శ్రీరాంసాగర్ మీదుగా పోయి, పెద్ద నానమ్మ ఊరి ప్రక్కనుండి సముద్రానికి పోతుంది. మనం రోడ్డు మీద పోతాము, మంజీర తన దారిన వస్తుంది. ఎక్కడ కలుస్తామో చూద్దాము. మనవడు ఒక రావి ఆకు ఏరి నీళ్లలో వదిలాడు.

మరునాడు తెల్లవారి నాలుగున్నరకు ప్రార్థన చేసికొని బయలుదేరాము. దుండిగల్ దగ్గర వైమానిక దళం అకాడమీ ఉన్నదని చెప్పగా విమానాల కోసం ఆకాశం వెదికారు. ఔటర్ రింగు రోడ్డు దిగి విజయవాడ రోడ్డెక్కాము. సూర్యాపేట ఇవతల మూసీ వంతెన రాగానే "ఇదేనా గోదావరి?" అన్నాడు వాడు. "కాదు, ఇది మూసీ, ఇది కృష్ణలో కలుస్తుంది" అని అక్క చెప్పింది. కీసర దగ్గర మున్నేరు. "ఇది కూడా కృష్ణదే" అన్నది. విజయవాడలో కృష్ణనూ, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీనీ చూచి నోరు తెరిచారు. అక్కడే ఆగి భోజనం చేశాము. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు దాటాము. మధ్యలో ఒకసారి వాంతి అయ్యింది, రెండు కొట్లాటలు అయినవి, అరగంట ఫోను కూడా నడిచింది. దేవదూతలను తీసికొని పోతున్నామని మీరు అనుకోవద్దు!

సిద్ధాంతం వంతెన మీదికి ఎక్కేసరికి సాయంత్రమైంది. "గోదావరి!" అన్నాను. "ఇది వశిష్ఠ పాయ." రావులపాలెం దాటి జొన్నాడ దగ్గర మళ్లీ ఇంకొక వంతెన, గౌతమి పాయ. మనవడు సీటులోనే బెల్టును సాగదీసి మెడ చాచి నీళ్లకేసి చూస్తున్నాడు. "ఏమి చూస్తున్నావురా?" అంటే "నా ఆకు" అన్నాడు. ఇన్ని ఆనకట్టలు దాటి, ఒక్క రోజులో ఆ ఆకు రాదని నాకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

కడియం పూలతోటల మీదుగా రాజమండ్రి చేరేసరికి చీకటి పడింది. పదమూడు గంటలు పట్టింది. మొదటిసారి కంటే దాదాపు మూడు గంటలు ఎక్కువ.

అక్క మంచంలో ఉన్నది. మనిషి సగమయింది. మమ్మల్ని చూచి కళ్లు చెమ్మగిల్లినవి గాని మాట రాలేదు. మొదటి ప్రయాణంలో ఈ పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి, అక్క ఇంట్లో దిగగానే ఆమె ముఖమైనా చూడకుండా పడుకొన్నారు. మరునాడంతా చిరాకుగానే ఉన్నారు. ఆమె చేతికి అందలేదు. ఈసారి మనవడు తిన్నగా మంచం దగ్గరకు పోయి, "పెద్ద నానమ్మా, మెదక్‌ల మంజీరల ఆకు ఏసిన. గోదావరిల వచ్చిందా?" అని అడిగాడు.

యాభై ఏళ్ల క్రిందట విడిచి వచ్చిన ఊరి పేరు, నది పేరు ఆ పిల్లవాడి నోట వినేసరికి మా అక్క ముఖం మారిపోయింది. చెయ్యి వాడి తల మీద పెట్టి, "వచ్చింది బిడ్డా. పొద్దుగాలనే వచ్చింది. నేను చూసిన" అన్నది. అన్నేళ్లు గోదావరి మాట మాట్లాడిన మనిషి, ఆ రాత్రి మా అమ్మ మాట్లాడిన మాటలో మాట్లాడింది. తర్వాత మనవరాలు నదుల పేర్లన్నీ వరుసగా అప్పజెప్పింది. అక్క మధ్య మధ్య నవ్వుతూ ఉన్నది.

మా అక్క 2025 జనవరిలో ప్రభువునందు నిద్రించింది. ఆమెను మా పిల్లలు కలిసింది ఆ నాలుగు రోజులే. సాయంత్రానికల్లా చేరాలని ఆ రోజు కూడా తొందరపడి ఉంటే, మూడు గంటలు మిగిలేవేమో గాని, ఆ నాలుగు రోజులు దక్కేవి కావని నేననుకొంటాను.

ఉత్తరం వ్రాసిన సహోదరీ, నీవు అడిగిన ప్రశ్న "పిల్లలను ఎలా కూర్చోబెట్టాలి" అని. నేను చెప్పగలిగింది ఇంతే: వాళ్లను కూర్చోబెట్టే పని కొంత, వాళ్లతో కూర్చునే పని ఎక్కువ. మీవారితో కలిసి ఒక సాయంత్రం ఈ పేజీ చదవండి. ఎక్కడెక్కడ ఆగాలో కాగితం మీద వ్రాసికోండి. పొట్లాలు కట్టుకోండి. మీ ఊరి నీళ్లు ఎటు పోతున్నవో బయలుదేరే ముందు పిల్లలకు చూపించండి. తిరిగి వచ్చినాక ఎలా జరిగిందో తప్పక నాకు వ్రాయండి. క్రొత్త ఆట ఏదైనా కనిపెడితే అది కూడా వ్రాయండి, మా మనవలు ఎదురుచూస్తుంటారు.

మీ ప్రయాణమంతటిలో మీ రాకపోకలను ప్రభువు కాపాడును గాక.